గన్‌కి దొరకని మోచెయ్యి

చాలామంది అడిగారు: కుర్ర పిచ్చర్‌ని చూసి వీడు పెద్ద ప్లేయర్ అవుతాడని ముందే చెప్పేయొచ్చా? న్యూయార్క్ మెట్స్ సంగతి చెప్తా వినండి. 1995 ప్రాంతంలో వాళ్ల దగ్గర ముగ్గురు కుర్రాళ్లుండేవాళ్లు: బిల్ పల్సిఫర్, జేసన్ ఇస్రింగ్‌హాసన్, పాల్ విల్సన్. ముగ్గురికీ కలిపి ‘జనరేషన్ కే’ అని పేరు కూడా పెట్టేశారు. కే అంటే స్ట్రైకౌట్ గుర్తు లెండి. విల్సన్ 1994 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైనవాడు. ఇస్రింగ్‌హాసన్‌ది 1991లో 44వ రౌండ్, అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటు.

వేగం స్పీడ్ గన్ చెప్తుంది. బంతి ఎంత వంగుతోందో, అనుకున్న చోటే పడుతోందో లేదో చూస్తే తెలుస్తుంది. మోచేతిలో లిగమెంట్ ఎన్నాళ్లు ఆగుతుందో మాత్రం ఏ గన్నూ చెప్పదు. పల్సిఫర్‌కి అక్కడే ఆపరేషన్, 1996 సీజన్ మొత్తం పోయింది. మిగతా ఇద్దరికీ ఆపరేషన్లే. ముగ్గురూ కలిసి మెట్స్ రొటేషన్‌లో ఒక్క వరసైనా వెయ్యలేదు! అందుకే ఏ టీమ్‌కైనా ముగ్గురు మంచి కుర్రాళ్లున్నారంటే, నేను ఒక్కడినే లెక్కేసుకుంటా.

ఆ ఒక్కడు ఎవరో ఇక్కడ ఎవరూ ఊహించలేదు. 44వ రౌండ్ వాడు. అదీ స్టార్టర్‌గా కాదు, చివర్లో వచ్చి గెలుపు కాపాడే క్లోజర్‌గా. కెరీర్ మొత్తంలో 300 సేవ్‌లు.