పక్షి రెట్టా, పట్టణపు మురుగా?

మెట్టుగూడకు సముద్రం లేదు. సికింద్రాబాదులోని ఆ రైల్వే పేటలో పిల్లలకు తెలిసిన నీరు కుళాయి నీరు, మేడమీది తొట్టి నీరు. అయినను పక్షి రెట్టకు, నీటికి గల సంబంధమేమిటో అక్కడి గృహిణికి ఎవరును చెప్పనక్కరలేదు. తొట్టి మూత పగిలిన నాడు పావురాలు అంచున వాలుతవి. చూచిన ఇల్లాలు ఆ నీటిని పారబోయించి, తొట్టి కడిగించి, మూత మార్పిస్తుంది. దోషం కంటికి కనబడుతున్నది, చికిత్స తేలిక.

ఆ పిల్లలే సెలవులలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మరునాటి ఉదయానికి విశాఖపట్నం చేరి, ఋషికొండ తీరాన అలలలో ఆడుకొంటారు. అక్కడ ప్రశ్న మారిపోతుంది. సముద్రానికి మూత లేదు. పక్షి విడిచినది, పట్టణం విడిచినది, వాన కడిగి తెచ్చినది, అన్నియు అందులోనే కలుస్తవి. ఆ నీరు స్నానానికి తగునా అనే విచారణ వచ్చినప్పుడు ముందుగా నింద పడేది ఎదుట కనిపించే పక్షిమీదనే. ఆ నింద ఎంతవరకు న్యాయమో ఆలోచింపదగినది.

రెట్ట స్వతహాగా నీచపదార్థం కాదు. పక్షికి మూత్రం వేరు, మలం వేరు లేవు. రెండును ఒకే ద్వారాన వెలువడుతవి. రెట్టలోని తెల్లని భాగం యూరికామ్లం. నత్రజని, భాస్వరం అందులో సమృద్ధిగా ఉన్నందున అది మంచి ఎరువు. సూళ్ళూరుపేట సమీపాన నేలపట్టు చెరువులో గూడబాతులు వేలకొలది గూళ్ళు కట్టుకొంటవి. వాటి రెట్ట కలిసిన చెరువు నీటిని రైతులు పొలాలకు పెట్టి పంట పండించుకొంటారు. ఆ పక్షులను తమ ఊరి చుట్టాలుగా చూచుకొంటారు. 1976లో ప్రభుత్వం ఆ చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. పొలానికి మేలు చేసిన ఆ నీరే స్నానానికి మాత్రం తగినది కాదు. వస్తువు ఒక్కటే, చోటునుబట్టి గుణం మారుతున్నది.

స్నానతీరాలలో పక్షివలన కలిగే హాని కల్పన కాదు. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న చికాగో నగరంలో సీగల్ అనే తెల్లని నీటిపక్షులు ఇసుకమీద గుంపులుగా దిగుతవి. వాటి రెట్ట ఒక గ్రాములో సూక్ష్మజీవులు లక్షల సంఖ్యలో, ఒక్కొక్కప్పుడు కోట్ల సంఖ్యలో ఉండవచ్చును. అతిసారం కలిగించే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే జాతులు కూడ వాటిలో కనబడినవి. అక్కడివారు శిక్షణ పొందిన గొర్రెల కాపు కుక్కలను తీరాన తిప్పి ఆ పక్షులను తరిమి చూచారు. పక్షులు తగ్గిన చోట నీటిలోని సూక్ష్మజీవుల సంఖ్య కూడ తగ్గినది. అయితే ఆ పక్షులు అంతగా గుమిగూడడానికి కారణమేమి? జనం తిని పారవేసిన ఆహారం, మూతలేని చెత్తతొట్లు. పిలిచినది మనిషి, వచ్చినది పక్షి.

నీటి పరీక్ష ఎట్లా చేస్తారో విద్యార్థులు తెలిసికొనదగినది. 1885లో జర్మన్ వైద్యుడు థియోడర్ ఎషెరిష్ శిశువుల ప్రేవులలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. దానినే ఇప్పుడు ఈ. కోలి అంటున్నారు. వెచ్చని రక్తం గల జంతువుల ప్రేవులలో అది సహజంగా ఉంటుంది గనుక, నీటిలో అది కనబడితే మలం కలిసినదనుటకు గుర్తు. ఋషికొండ 2020లో నీలిపతాక గుర్తింపు పొందినది. ఆ గుర్తింపు నియమాల ప్రకారం సముద్రతీరంలో 100 మిల్లీలీటర్ల నీటికి ఈ. కోలి 250, ఎంటరోకాకస్ అనే మరొక జాతి 100 అనే సంఖ్యలు హద్దులు.

ఈ సంఖ్యకు రెండు లోపాలున్నవి. సూక్ష్మజీవులను పెంచి లెక్కించడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కనుక నేటి ఫలితం నిన్నటి నీటిని గూర్చి చెబుతుంది. రెండవ లోపం ఇంకను పెద్దది. మలం కలిసినదని సంఖ్య చెబుతుందేగాని, ఎవరిదో చెప్పదు. సీగల్ విడిచినదైనా, మురుగుకాలువ తెచ్చినదైనా అంకె ఒక్కటే. అపాయం మాత్రం ఒక్కటి కాదు. కామెర్లు కలిగించే హెపటైటిస్ ఏ, పసిపిల్లలకు విరేచనాలు కలిగించే రోటావైరస్ వంటివి మనుష్యుల మురుగుతో వస్తవి. అందువలన సంఖ్య సమానమైనప్పుడు సీగల్ రెట్టకన్న మానవమలమే ఎక్కువ ప్రమాదకరమని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ భేదాన్ని కనిపెట్టే సాధనాలు నేడు ఉన్నవి. సీగల్ ప్రేవులలో ఉండే ఒక బాక్టీరియా, మనిషి ప్రేవులలో ఉండే మరొకటి, వీటి జన్యువుల ఆనవాళ్ళను నీటిలో వెదకి దోషి ఎవరో తేల్చవచ్చును. అది చేయక పక్షిని తరిమి చేతులు దులుపుకొనడం అత్తమీది కోపం దుత్తమీద చూపడమే.

హుస్సేన్ సాగర్ మెట్టుగూడకు ఎంతో దూరం లేదు. 1992లో బుద్ధవిగ్రహం వెలసిన ఆ చెరువులో జనం పడవలలో విహరిస్తారు. కొంగలు, నీటికాకులు కూడ అక్కడ తిరుగుతవి. కాని ఆ నీరు చెడినది కొంగలవలన కాదు. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా మొదలైన కాలువలు దశాబ్దాలుగా ఇండ్ల మురుగును, పరిశ్రమల వ్యర్థాలను తెచ్చి అందులో కలిపినవి. కొంగ రెట్ట గట్టుమీద తెల్లగా కనబడుతుంది. నాలా మురుగు నీటిలో కలిసి కనుమరుగవుతుంది. కనబడినదే నేరమనుకొంటే నేరస్థుడు తప్పించుకొంటాడు.

విహారయాత్రకు పిల్లలను తీసికొనిపోయే ఉపాధ్యాయులు కొన్ని జాగ్రత్తలు పాటింపవచ్చును. పెద్దవాన వెలిసిన వెంటనే పిల్లలను నీటిలోకి దింపరాదు. కాలువలన్నియు అప్పుడే తీరానికి చేరుతవి. కాలువ సముద్రంలో కలిసే చోటికి దూరంగా ఉండవలెను. తడి ఇసుక సూక్ష్మజీవులకు ఆశ్రయం గనుక, ఆడుకొన్న చేతులు కడిగిన పిమ్మటనే తినవలెను. తినగా మిగిలినది తీరాన వదలరాదు.

వీటితోపాటు ఒక ప్రశ్న కూడ వారికి నేర్పవలెను: ఈ నీటిలోని మలినం ఎవరిది? పావురం వాలిన తొట్టికి మెట్టుగూడ ఇల్లాలు మూత వేయిస్తుంది. ఊరి మురుగుకు మూత వేయవలసినది ఊరే. ఆ పని జరిగిన నాడు తీరాన వాలిన పక్షి నేరస్థురాలుగా గాక అతిథిగానే కనబడుతుంది.