విస్తరణ సేవల్లో నాయకత్వ, వృత్తి నైపుణ్యాల ఆవశ్యకత

పరిశోధన స్థానంలో రూపొందిన పరిజ్ఞానానికీ రైతు పొలానికీ మధ్య వారధి వ్యవసాయ విస్తరణ అధికారి. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలను ఒక క్లస్టరుగా గుర్తించి, ఒక్కొక్క క్లస్టరుకు ఒక విస్తరణ అధికారిని నియమించే విధానం ఉంది. అంతటి విస్తీర్ణంలో ప్రతి కమతాన్నీ ప్రతి వారం సందర్శించడం ఒక్కరికి సాధ్యం కాదు. కాబట్టి అధికారి ఎన్ని పొలాలు తిరిగారన్నదానికన్నా, తాను లేనప్పుడు రైతులు ఎంత సరైన నిర్ణయం తీసుకోగలుగుతున్నారన్నదే ఆ పనికి అసలైన కొలమానం.

వరిలో సుడిదోమ ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ పురుగు దుబ్బు మొదళ్లలో, నీటి మట్టానికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే కనబడదు. పైరు సుడులు సుడులుగా ఎండిన తరువాత మందు చల్లినా ఆ నష్టం పూడదు. అలాగని ముందే భయపడి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చల్లితే సాలీళ్లు, మిరిడ్ నల్లులు వంటి మిత్రపురుగులు నశించి దోమ ఉధృతి మరింత పెరుగుతుంది. సకాలంలో సరైన సలహా అందనిచోట, అప్పుపై మందులిచ్చే దుకాణదారు మాటే చెల్లుతుంది.

వృత్తి నైపుణ్యాల్లో మొదటిది నిర్ధారణ. పొలంలోకి దిగి, దుబ్బులను తట్టి, పురుగులను లెక్కించిన తరువాతే సిఫారసు చేయాలి. రెండవది ఆలకించడం. ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట తీయమన్నా రైతు తీయకపోతే దానిని మొండితనంగా భావించరాదు. గుత్తకు నాట్లు వేసే ముఠాకు ఆ విషయం ముందుగా చెప్పకపోవడమే కారణం కావచ్చు. అప్పుడు నాట్లకు ముందే ముఠా పెద్దతో మాట్లాడటం పది కరపత్రాలకన్నా మేలు. మూడవది నిజాయితీ. తెలియని సమస్య ఎదురైతే నమూనాను శాస్త్రవేత్తలకు చూపి, చెప్పిన రోజుకు జవాబుతో తిరిగి రావాలి.

నాయకత్వమంటే ఆజ్ఞాపించడం కాదు, ఇతరులలో నాయకులను తయారుచేయడం. సుడిదోమ బెడద నేపథ్యంలో ఇండోనేషియాలో 1989లో ప్రారంభమైన రైతు క్షేత్ర పాఠశాలల సూత్రం ఇదే. రైతులు వారం వారం పైరును పరిశీలించి, చూసినది బొమ్మగా గీసి, చర్చించి, తామే నిర్ణయం తీసుకుంటారు. అధికారి ప్రశ్నలు వేస్తారే తప్ప ఉపన్యసించరు. ఈ బృందాల్లో కౌలు రైతులకూ, నాట్లు, కలుపు తీసే మహిళలకూ చోటు ఉండాలి. సమావేశ సమయం వారి వీలును బట్టి నిర్ణయించాలి.

ఈ నైపుణ్యాలు తరగతి గదిలో మాత్రమే అలవడవు. అనుభవజ్ఞులతో కలసి పొలంలో పనిచేయడం, ప్రతి సీజను చివర ఇచ్చిన సలహాలలో ఏవి ఫలించాయో, ఏవి విఫలమయ్యాయో రైతుల సమక్షంలోనే సమీక్షించుకోవడం అవసరం. విస్తరణ వ్యవస్థపై రైతుకు నమ్మకం కలిగేది అప్పుడే.