రేడియోలో వంటింటి యుపదేశము – హాస్యము

ఉపదేశము మూఁడు తెఱఁగులని యాలంకారికులు చెప్పిరి. వేదము ప్రభువువలె నాజ్ఞాపించును. పురాణేతిహాసములు మిత్రునివలె బోధించును. కావ్యము కాంతవలె లాలించి కార్యోన్ముఖునిఁ జేయును. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుఁడు సంగ్రహించిన యీ విభాగము పండితులకెల్ల సుపరిచితము. అయితే కొంచెపు చక్కెరను వారము దినములు సరిపుచ్చుట యెట్లు, నిన్నటి రొట్టెను నేఁడు తినఁదగినదిగాఁ జేయుట యెట్లు అను నుపదేశమును వీనిలో నెందుఁ జేర్పవలెనో శాస్త్రకారులు చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును వారికిఁ గలుగలేదు. అది తల్లి కూఁతునకును, అత్త కోడలికిని నోటిమాటగా నందించెడి విద్య. ఇరువదవ శతాబ్దమున రేడియో పుట్టి, యెవరో యపరిచిత వ్యక్తి దినదినమును వంటయింటిలోనికి వచ్చి గృహిణికి వంట చెప్పుట సంభవించినప్పుడు ఈ ప్రశ్న తలయెత్తినది. ఆ కంఠము ప్రభువుదా, మిత్రునిదా, కాంతదా? అమెరికా, ఇంగ్లండు దేశముల యనుభవమును బరిశీలించినచో నీ మూఁటికిని జెందని నాలుగవ తెఱఁగొకటి కానవచ్చుచున్నది. దానికి పొరుగింటిసమ్మితమని పేరు పెట్టవచ్చును. దానికి జీవము హాస్యము.

మొదటి యుదాహరణము అమెరికా వ్యవసాయశాఖవారిది. ఆ దేశప్రభుత్వమును ‘అంకుల్ శామ్’, అనఁగా శామ్ మామ, అని పిలుచుట వాడుక. 1926వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీని ఆ మామకు ‘ఆంట్ శామీ’ యను భార్యను గల్పించి రేడియోలోఁ బ్రవేశపెట్టిరి. ఆమె ప్రసంగమును వాషింగ్టనులో వ్రాసి పలు స్టేషనులకుఁ బంపెడివారు. ఆయా స్టేషనులలో నా ప్రాంతపు స్త్రీ యొకతె దానిని జదివెడిది. ఒకే శామీయత్త యొకే దినమున దేశమంతటను బలు యాసలతోఁ బలుకుచుండెనన్న మాట. వంటకముల కొలతలు, ఇంటిపనుల మెలకువలు, నడుమ నడుమ ఛలోక్తులు – ఇదియే యా ప్రసంగముల పాకము. 1927లో నీ వంటకములు గ్రంథరూపమున వెలువడినవి; తరువాత అంధులకొఱకు బ్రెయిలీ లిపిలోఁగూడ వచ్చినవి. ఐనను ఈమె మాటలలోని హాస్యము పోపువంటిది. ఉన్నచో రుచి, లేకున్నను కూర కూరగానే యుండును. హాస్యమే యుపదేశమునకుఁ బాత్రయైన ఘట్టము ఇంగ్లండున జరిగినది.

1940వ సంవత్సరము జనవరి 8వ తేదీని అచ్చట వెన్న, చక్కెర, బేకనను పందిమాంసము రేషను చేయఁబడినవి. జూలైలో తేయాకు వానితోఁ జేరినది. మనిషికి వారమునకు రెండు ఔన్సులు. ఆహారములోఁ బెద్దభాగమును ఓడలపైఁ దెప్పించుకొనెడి ద్వీపమది. ఆ యోడలను జర్మను జలాంతర్గాములు ముంచుచుండెను. రొట్టెముక్కను బాఱవేయుట నావికుని ప్రాణముతోఁ దూఁచి చూడవలసిన కార్యమయ్యెను. ఆ సమయమున ఆహారమంత్రిత్వశాఖయు బీ.బీ.సీ.యుఁ గలసి 1940 జూనులో ‘కిచెన్ ఫ్రంట్’ అను ప్రసంగములను బ్రారంభించినవి. వంటయిల్లే యుద్ధరంగమని యా పేరునకు భావము. ఉదయము ఎనిమిది గంటల వార్తలు ముగిసిన పిమ్మట, ఎనిమిదింబావునకు, అయిదు నిమిషములు. గృహిణి సంచి చేతఁబట్టి యంగడికిఁ బోవుటకు ముందే మాట యామె చెవిఁబడుటకుఁ దగిన వేళ యది.

చెప్పవలసిన విషయములు మాత్ర మింపైనవి కావు. మాంసమునకు బదులు బంగాళాదుంప, తీపికి బదులు క్యారటు, 1942 మొదలు కోడిగ్రుడ్డునకు బదులు అమెరికానుండి వచ్చిన గ్రుడ్డుపొడి. ఆహారమంత్రి లార్డ్ వూల్టన్ పేర వెలసిన మాంసము లేని కూరగాయల వంటకమును దిన్నవారికంటె దానిమీఁదఁ బరిహాసములాడినవారే యెక్కువయేమో! ఇట్టివానిని బ్రభుశాసనముగాఁ జెప్పినచో వినువారు మీటను ద్రిప్పివేయుదురు. రాజశాసనమునకు మీట లేదు, రేడియోకుఁ గలదు.

ఈ చిక్కును దీర్చినవారిలో ముఖ్యులు ఎల్సీ వాటర్స్, డోరిస్ వాటర్స్ అను నక్కచెల్లెండ్రు. వీరు 1930 మొదలు గెర్ట్, డెయిజీ యను నిరువురు లండను సామాన్యస్త్రీల పాత్రములఁ గల్పించుకొని ప్రజల నవ్వించుచుండిరి. ఎల్సీ గెర్టు, డోరిస్ డెయిజీ. డెయిజీకి బెర్టను భర్తయు, గెర్టునకు వాలీ యను ప్రియుఁడును గలరు. ఆ పురుషులమీఁది యెత్తిపొడుపులే వీరి సంభాషణకు మూలధనము. రేషను వచ్చినపిదప నీ యిరువురును వంటింటి సూచనలఁ జెప్పఁబూనిరి.

ఇందొక రహస్యము గలదు. గ్రంథములోనైనచో మఱచిన కొలతను వెనుకకుఁ దిరిగి చూడవచ్చును. గాలిలోఁ బోయిన మాట తిరిగి రాదు. కొలతను రెండుమాఱులు చెప్పినచో విసుగు, ఒకమాఱు చెప్పినచో మఱపు. ఇరువురు మాటాడుకొన్నచో పునరుక్తిదోషమే గుణమగును. ఒకతె చెప్పును, రెండవది తప్పుగా వినును, మొదటిది మరలఁ జెప్పును. ఈ పద్ధతిని దెలుఁగిండ్ల మాటగా నూహించినచో నిట్లుండును:

“అరశేరు బంగాళాదుంపలు ఉడకేసుకోవాలి వదినా.”

“ఆరు శేర్లా! పెళ్ళివారొస్తున్నారా ఏంటి?”

“ఆరు కాదమ్మా, అర. అరశేరు. తొక్క మాత్రం తియ్యొద్దు.”

“తొక్క తియ్యకపోతే మా ఆయన చూసి లేచిపోతాడు.”

“రాత్రిపూట పెట్టు. దీపాలు ఎలాగూ ఆర్పెయ్యమన్నారుగా.”

ఆరు, అర యను పదముల భ్రాంతిచే నవ్వు పుట్టినది. ఆ నవ్వు నెపముననే కొలత మూఁడుమాఱులు చెవిఁబడినది. తొక్క తీయవలదనుట యా దినములలో మంత్రిత్వశాఖవారు నిజముగా బోధించినదే. భర్త యాక్షేపమును, దానికి సమాధానమును, విమానభయముచే దీపములార్పెడి నాఁటి దుస్థితియు నొక్క నవ్వులోనే యిమిడినవి. పాఠశాలలో నెక్కములు చెప్పు పంతులుగారికి నీ కిటుకు క్రొత్తది కాదు. మందబుద్ధి శిష్యుఁడొకఁడున్న తరగతికే పాఠము బాగుగా వచ్చును.

భాషావిషయము మఱింత గమనింపఁదగినది. నాఁటి బీ.బీ.సీ. వార్తాపాఠకులు విద్యాధికుల యుచ్చారణమునే వాడెడివారు. గెర్టు, డెయిజీలు పలికినది లండను శ్రమజీవుల కాక్నీ యాస. సంస్కృతనాటకమున రాజు సంస్కృతమును, స్త్రీలును విదూషకుఁడును బ్రాకృతమును బలుకుట దీనికిఁ దగిన యుపమానము. భేదమేమనఁగా, ఇచ్చట రాజ్యమే తన శాసనమును బ్రాకృతము చేయించుకొన్నది. పేదల కంఠముతోఁ బేదలకు మితాహారము నుపదేశించుటలోఁ గొంత కపటము లేకపోలేదు. ధనికులు పోయెడి భోజనశాలలలో నొక పూఁట వెలకు అయిదు షిల్లింగుల పరిమితి 1942లోఁగాని యేర్పడలేదు. పాత్రములు హాస్యములైనంతమాత్రమున శ్రోతల కష్టము హాస్యము కాదు.

మేబెల్ కాన్‌స్టాన్‌డ్యూరోస్ అను నటీమణి మార్గము వేఱు. ఆమె 1925 నుండి బగిన్స్ కుటుంబమను గల్పనను రేడియోలో నడపుచు, నా యింటి కంఠములనెల్లఁ దానే పలికెడిది. వారిలో బామ్మ పరమ గయ్యాళి. ఆ బామ్మ ‘కిచెన్ ఫ్రంట్’లో నడుగిడుటతో నుపదేశమునకుఁ బూర్వపక్షము దొరకినది. పూర్వపక్షమును బలముగాఁ జెప్పనిదే సిద్ధాంతము నిలువదని శాస్త్రము చదివినవారెఱుంగుదురు. వినెడి గృహిణి మనస్సులో నడఁచుకొన్న విసుగును బామ్మ బిగ్గఱగా వెళ్ళగ్రక్కును. అంతటితో నా విసుగు సగము చల్లారును. ఇదే వేదికపై ‘రేడియో డాక్టరు’ అను పేరుమాత్రమున మాటాడిన చార్లెస్ హిల్ మలబద్ధము మొదలగు చెప్పరాని విషయములను దేటమాటలతోఁ జెప్పెను. వైద్యులు తమ్ముఁ బ్రకటించుకొనఁగూడదను నియమముచే నతని పేరు చెప్పఁబడెడిది కాదు. విరేచనకారియైన యెండు ఆలూబొఖారా పండ్లకు నతఁడు ‘నల్లకోటు పనివారు’ అని పేరిడెను. నల్లకోటువారనఁగా నా భాషలో గుమాస్తాలు; నోరు మెదపక తమ పని తాము చేసికొని పోవువారని ధ్వని.

కల్పితపాత్రమును శ్రోతలు నమ్ముదురా యను ప్రశ్నకు న్యూయార్కులో 1934లో సమాధానము దొరకినది. మేరీ మార్గరెట్ మెక్‌బ్రైడ్ అను పత్రికారచయిత్రికి మార్తా డీన్ అను పేరుపెట్టి, మనుమలు పలువురు గల యవ్వగా మాటాడుమని నియోగించిరి. అవివాహితయైన యామె కొలఁదికాలములోనే యా బూటకమును భరింపలేక, తనకు మనుమలు లేరని ప్రసారములోనే యొప్పుకొన్నది. పేరు నిలిచినది, కుటుంబము పోయినది, శ్రోతలు పెరిగిరి. గెర్టు, డెయిజీలును గల్పితులే గదా యన్నచో, వారు నటులని యందఱెఱుంగుదురు. రూపకమునకును అసత్యమునకును గల భేదము నాటకశాస్త్రము చదువని గృహిణులు సులభముగాఁ గనిపెట్టిరి.

హాస్య ముపదేశమును మ్రింగివేయుటయుఁ గలదు. 1946లో బోస్టనునందు బాబ్ ఎలియట్, రే గౌల్డింగ్ అనువారు జట్టుకట్టిరి. వారిలో గౌల్డింగు స్త్రీకంఠముతో మేరీ మక్‌గూన్ అను వంటసలహాదారుగాఁ బలుకుచు, జింజరేలను పానీయమును గడ్డకట్టించిన సలాదును శ్రోతలకు నేర్పెడివాఁడు. అది వంటకము కాదు, వంటచెప్పువారి వెక్కిరింపు. తిండికిఁ గొఱఁత లేని దేశమున నట్టి హాస్యము పుట్టుట సహజమే. తిండియే లేనిచోట మొదటి విధమైన హాస్యమును బుట్టదు. 1943లో వంగదేశమున లక్షలకొలఁది జనులు కఱవుచే మరణించిరి. ఉన్నదానిని బొదుపుగా వాడు తెరువు చెప్పుటకు డబ్బాలో కొంచెమైన నుండవలెను. ఇంగ్లండులోని నవ్వునకు నేల, ప్రతి యింటికిని దప్పక చేరెడి రేషనే.

తెలుఁగు ప్రసారములు మద్రాసు ఆకాశవాణినుండి 1938లో మొదలైనవి. అచ్చట బాలుర కార్యక్రమము నడపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగాఁ బ్రసిద్ధులైరి. శామీయత్తతో వారికి సంబంధమేమియు లేదు. ఐనను ఎఱుఁగని కంఠము ఇంటిలోఁ బ్రవేశించుటకు వరుసపేరే ద్వారమని యిరుదేశములవారును వేర్వేఱుగఁ గనుఁగొనిరి.

వాటర్స్ సోదరీమణులకు 1946లో రాజబిరుదము లభించెను. యుద్ధము ముగిసినను ఇంగ్లండున రేషను ముగియలేదు. యుద్ధకాలమున స్వేచ్ఛగా దొరకిన రొట్టెయే 1946 జూలై మొదలు రెండేండ్లపాటు రేషనుపాలయ్యెను. పేరు చెప్పక మాటాడిన ‘రేడియో డాక్టరు’ 1950లో శాసనసభ్యుఁడై, 1951లో నా యాహారమంత్రిత్వశాఖకే ఉపమంత్రియయ్యెను. 1954 జూలై 4వ తేదీని కట్టకడపటి రేషను తొలఁగింపఁబడునప్పటికి నతఁడా పదవియందే యుండెను.