డీజిలు ట్రక్కుల యజమానుల గోడు

అమెరికాలో రామ్ అను పేర విక్రయమగుచున్న పికప్పు ట్రక్కులలో 1500 రకమునకు డీజిలు యంత్రము నమర్చుట 2023 జనవరితో నిలిచిపోయినది. ఆ ట్రక్కులను తయారుచేయు స్టెలాంటిస్ కంపెనీవారు 2022లోనే ఈ సంగతిని ప్రకటించి, తాము విద్యుద్వాహనములవైపు మరలుచున్నామనియు, అందుచే నీ మార్పు తప్పదనియు తెలిపిరి. కంపెనీ లెక్కలలో నిది యొక పంక్తి మాత్రమే. కాని ఆ బండ్లను వాయిదాల పద్ధతిని కొని, పొలమునకును, పనికిని, దూరప్రయాణమునకును వానినే నమ్ముకొన్న యజమానులకు అది యట్లు తోచలేదు. కొందరు ఆప్తబంధువును పోగొట్టుకొన్నట్లు మాటలాడిరి. కొందరు మోసపోయితిమని కోపగించిరి. ఒకే మనుష్యునియందు ఈ రెండు భావములును కలసియుండుట ఈ వ్యవహారమున విశేషము.

సముద్రముల కావల నున్న బండ్ల గొడవ మనకేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 కాలుష్యనిబంధనలు అమలులోనికి వచ్చినపుడు మన దేశమున మారుతీ సుజుకీ కంపెనీ డీజిలు కార్లను మానుకొన్న సంగతి వారు మరచియుండరు. ఆ కార్లలోని 1.3 లీటర్ల యంత్రమునకు మూలము ఇటలీ దేశపు ఫియటు కంపెనీ. ఇప్పుడు మేము ప్రస్తావించు అమెరికా ట్రక్కు యంత్రము పుట్టినదియు ఆ యిటలీలోనే, చెంతో అను పట్టణమున, వీ.ఎం. మోటోరి కర్మాగారమున. డీజిలు డిజైరును టాక్సీగా త్రిప్పుకొని కుటుంబమును పోషించుకొను మన డ్రైవరునకు టెక్సాసు రైతు దిగులు ఏమిటో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ దేశమున పికప్పు ట్రక్కనగా కేవలము సామానులబండి గాదు. ముందు కుటుంబము కూర్చుండుటకు తావును, వెనుక గడ్డిమోపులో, పనిముట్లో వేసికొనుటకు తొట్టియు నుండును. వెనుక గుఱ్ఱములబండియో, పడవయో తగిలించుకొని పోవుదురు. 2014 సంవత్సరపు రకముతో ఈ 1500 ట్రక్కులోనికి మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిలు యంత్రము ప్రవేశించినది. 2020 నాటికి దానిని మెరుగుపరచి, 260 అశ్వశక్తియు, 480 పౌండు-అడుగుల త్రిప్పుబలమును గలదానినిగా జేసిరి. నిమిషమునకు 1,600 చుట్ల వద్దనే ఆ బలమంతయు లభించును. అనగా యంత్రము రొప్పకుండ, రోజకుండ బరువు నీడ్చును. 12,560 పౌండ్ల వఱకు, అనగా సుమారు 5,700 కిలోల బరువును లాగగలదని కంపెనీవారు ప్రకటించిరి. ఒక రకపు బండి రాజమార్గముపై గాలనుకు 32 మైళ్లు, అనగా లీటరునకు 13.6 కిలోమీటర్లు నడచునని ప్రభుత్వపు లెక్క. మన చిన్నకార్ల కిది గొప్పగాకపోవచ్చును. రెండున్నర టన్నుల బండికి గొప్పయే. 33 గాలనుల పెద్దటాంకి వేయించుకొన్నవారు ఒక్కమారు నింపి వేయి మైళ్లు పోవచ్చును. ఇట్టి బండి చేజిక్కిన రైతు గర్వపడుటలో వింత యేమున్నది?

ఈ సందర్భమున నొక ముచ్చట. డీజిలు యంత్రమునకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు అక్కరలేదు. గాలిని గట్టిగ నదిమినపుడు పుట్టు వేడికే ఇంధనము మండును. కావుననే అది పలువిధముల నూనెలతో నడువగలదు. 1900లో పారిస్ ప్రదర్శనమున నొక చిన్న డీజిలు యంత్రమును వేరుసెనగ నూనెతో నడపి చూపిరి. అనంతపురము చేలలో పండు పంటతో ఆ యంత్రము నడచెనని వినుట మనకు సంతోషదాయకమే. కాని పెట్రోలియము చవుకగా దొరకినంతకాలము ఆ దారిని పట్టించుకొన్నవారు తక్కువ.

ప్రస్తుతము ననుసరింతము. 2017 జనవరిలో అమెరికా ప్రభుత్వపు పర్యావరణరక్షణసంస్థ ఆ కంపెనీకి నోటీసు జారీచేసినది. 2014 మొదలు 2016 వఱకు గల రకములలో సుమారు 1,04,000 వాహనములయందు, ప్రభుత్వమునకు తెలుపని సాఫ్టువేరు అమర్చబడినదనియు, దానివలన పరీక్షాశాలలో కంటె రోడ్డుమీద నత్రజని ఆక్సైడులు ఎక్కువగ వెలువడుచున్నవనియు అందలి ఆరోపణ. 2019లో కంపెనీ 30 కోట్ల డాలర్లకు మించిన సివిలు జరిమానాకు ఒడంబడినది. యజమానులకు సగటున 2,800 డాలర్ల చొప్పున పరిహారము నిచ్చుటకును, సాఫ్టువేరును సరిదిద్దుటకును అంగీకరించినది. అయినను నేరమును మాత్ర మొప్పుకొనలేదు. 2022లో కుట్రనేరము నొప్పుకొనినది గూడ. అందుకై మఱల సుమారు 30 కోట్ల డాలర్లు చెల్లించుకొన్నది.

ఈ వృత్తాంతమున యజమాని స్థితి యెట్టిదో యోచింపుడు. అతడు ఆ బండిని కొన్నది తక్కువ ఇంధనముతో నడచునని, గాలిని చెఱుపదని. కంపెనీవారు దానికి పెట్టిన పేరే ఎకోడీజిలు, అనగా పర్యావరణమునకు మేలైన డీజిలని అర్థము వచ్చునట్లు! పొగలేదని నమ్మి బిడ్డలను వెంటబెట్టుకొని తిరిగిన తండ్రికి ఆ పేరే యెగతాళియైనది. సాఫ్టువేరు మార్పించుకొన్నచో మైలేజి తగ్గునేమో యని భయము, మార్పించుకొననిచో పరిహారము రాదు. ఇంతలో 2019లోనే, పొగను చల్లార్చు కూలరు పగిలి బండి అంటుకొనవచ్చునని లక్షకుపైగా ట్రక్కులను వెనుకకు పిలిచిరి. ఇన్ని జరిగియు ఆ బండిని విడువనివారు పెక్కురు గలరు. వారిని మూఢులని పరిహసించుట మాకిష్టముగాదు. పనిచేయువానికి పనిముట్టుతో నుండు చనువు, దానిని తయారుచేసినవాని గుణముతో తీరునది గాదు.

అయితే యజమానులలో కొందరు మరొకమాట ననుచున్నారు. ప్రభుత్వపు నిబంధనలే మంచి యంత్రమును చంపినవనియు, ఆ నిబంధనలు లేకున్న బండి నిక్షేపముగ నుండెడిదనియు వారి వాదము. అంతటితో నాగక, పొగను శుద్ధిచేయు సాధనములను ఊడదీయించి బండిని నడపువారును గలరు. ఇది ఆ దేశపు చట్టమునకు విరుద్ధము. మేము దీని నంగీకరింపజాలము. నత్రజని ఆక్సైడులు ఊపిరితిత్తులను చెఱుచునవి. ఆ పొగ బండి యజమాని యింటిముందే ఆగిపోదు, రోడ్డు ప్రక్కన నిలిచిన బడిపిల్లవాని రొమ్ములోనికిని పోవును. నిబంధన కఠినముగ నుండుట వేరు, నిబంధనను దొంగచాటున దాటుట వేరు. దొంగతనము చేసినది కంపెనీ. ఆ కోపమును గాలిమీద తీర్చుకొనుట న్యాయముగాదు.

యజమానులకు నిజముగ కోపము రావలసిన ఘట్టము తరువాతిది. విద్యుత్తు పేరు చెప్పి డీజిలునకు సెలవిచ్చిరి గదా! ఆ విద్యుత్ ట్రక్కు, పూర్తిగ బ్యాటరీతో నడచుట కుద్దేశింపబడినది, మాటిమాటికి వాయిదాపడి, 2025 సెప్టెంబరులో రద్దయినది. పెద్ద విద్యుత్ ట్రక్కులకు గిరాకీ తగ్గినదని కంపెనీవారి సమాధానము. అదే కంపెనీ హెమీ అను ఎనిమిది సిలిండర్ల పెట్రోలు యంత్రమును 2025 రకపు 1500 ట్రక్కులనుండి తొలగింపగా, కొనువారు గగ్గోలుపెట్టిరి. 2025 జూనులో కంపెనీవారు తమ పొరపాటును బాహాటముగ నొప్పుకొని, ఆ యంత్రమును మఱల తెచ్చుచున్నామని ప్రకటించి, బండి ప్రక్కన నిరసనచిహ్న మను బిళ్లనుగూడ తగిలించిరి! నిరసన గూడ నొక అమ్మకపు సరుకైన కాలమిది. ఎక్కువ ఇంధనము త్రాగు యంత్రమునకై అరచినవారి మొఱ ఆలకింపబడినది. తక్కువ త్రాగు యంత్రమును ప్రేమించినవారికి ఆనాడు అట్టి ప్రకటన యేదియు రాలేదు. వారి సంఖ్య తక్కువ. వ్యాపారికి తలలు లెక్కించుట తెలియును.

ఇతర కంపెనీలు చేసినదియు నిదియే. నిస్సాన్ టైటన్ ట్రక్కులో డీజిలు 2019తోను, ఫోర్డు ఎఫ్-150లో 2021తోను ముగిసినది. అంతకంటె పెద్దవియు, ధర యెక్కువవియునగు ట్రక్కులలో డీజిలు ఉన్నది. రామ్ పెద్దట్రక్కులకు 1989 రకము మొదలు కమ్మిన్స్ యంత్రము నమర్చుచునే యున్నారు. అది కావలెనన్నచో మరింత సొమ్ము పోయవలెను. నడిమితరగతి రైతునకు మిగిలిన దారులు తక్కువ.

యంత్రమును శాశ్వతముగ తయారుచేయుచుండుడని యే కంపెనీని నిర్బంధించుట తగదు. కాలముతో యంత్రములు మారును. కాని అమ్మినదానిని నడపించు బాధ్యత తయారీతో ముగియదు. మన పల్లెలలో ముప్పదియేండ్ల ట్రాక్టరును సుత్తితో, రెంచితో, కొంత ఊహతో మేస్త్రీలు నడిపించుచున్నారు. ఈ ట్రక్కునకు ఆ వైద్యము చాలదు. దాని పొగను శుద్ధిచేయుటకు యూరియా ద్రావణము పోయవలెను. సెన్సరు ఒక్కటి చెడినను బండి మొరాయించును. ఎందుకు మొరాయించినదో తెలిసికొనుటకు కంప్యూటరు తగిలింపవలెను. ఆ రహస్యము కంపెనీ చేతిలో నున్నది. పేరు అమెరికాది, యంత్రము ఇటలీది, కంపెనీ రిజిస్టరయినది నెదర్లాండ్సులో. యజమాని తన గోడు ఎవరి గుమ్మమున చెప్పుకొనవలెను?

మసాచుసెట్సు రాష్ట్రమున 2012లోను, మఱల 2020లోను వోటర్లు కార్ల మరమ్మతు సమాచారమును యజమానులకును, స్వతంత్ర మెకానికులకును ఇవ్వవలెనని తీర్పుచెప్పిరి. మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖవారును 2022 డిసెంబరులో మరమ్మతుహక్కు పోర్టలును ప్రారంభించిరి. అందు మోటారువాహనములును చేరియున్నవి. అది యొక ఆరంభము, చట్టము కాదు. ఏ బండి తయారీ ఆపినను, ఎన్ని యేండ్లవఱకు విడిభాగములు దొరకునో వ్రాతపూర్వకముగ తెలుపవలెనను నిబంధన అచ్చటను ఇచ్చటను అవసరమని మేము తలంచుచున్నాము.

ఈ ట్రక్కుల డీజిలు యంత్రమునకు కంపెనీవా రిచ్చిన హామీ ఐదేండ్లు, లేక లక్షమైళ్లు, ఏది ముందైన నది. 2022 చివర ఈ బండ్లను కొన్నవారికి 2027 చివర ఆ గడువు తీరును. వారిలో పలువురకు బండి అప్పు అప్పటికింకను తీరియుండదు.