మొదటి రైఫిల్ సెట్ చేసుకోవడం ఎలా? అంబాజీపేట నుంచి రేంజ్ దాకా నా అనుభవం

పోయిన ఎపిసోడ్‌లో పెట్టె చూపించి మూసేశాను కదా, అందులో ఏముందని చాలామంది అడిగారు. అందులో ఉన్నది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ముక్కలు ముక్కలుగా వచ్చింది. దాన్ని నేనే బిగించి రేంజ్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఏం జరిగిందో, నేనేం తప్పులు చేశానో ఇవాళ చెప్తాను.

ముందు ఒక ముఖ్యమైన విషయం. నేను రైఫిల్ కొంటున్నానంటే మావాడొకడు, "అంత డబ్బెందుకు బావా, లేత్ షాపులో బ్యారెల్ తిప్పించేద్దాం" అన్నాడు. వద్దు ఫ్రెండ్స్, సరదాకి కూడా వద్దు. లైసెన్స్ లేకుండా తుపాకీ తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. కాబట్టి మన దగ్గర "రైఫిల్ బిల్డ్" అంటే ఒకటే అర్థం: కంపెనీ చేసిన ఎయిర్ రైఫిల్ కొని, దాన్ని మన ఒంటికి సరిపోయేలా అమర్చుకోవడం.

దానికి లైసెన్స్ కావాలా? 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోర్ 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం దాటకూడదు. శక్తి 20 జూళ్లు దాటకూడదు. ఈ రెండూ ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే రైఫిల్లో అర గ్రాము పెల్లెట్ సెకనుకి దాదాపు 175 మీటర్ల వేగంతో వెళ్తుంది. లెక్క వేస్తే 8 జూళ్లు వస్తుంది. అందుకే పోటీ రైఫిల్ ఈ హద్దు లోపలే ఉంటుంది. "పవర్ ఎక్కువ" అని చెప్పి అమ్మే 0.22 బోర్ మాత్రం ఈ మినహాయింపులోకి రాదు. బిల్లు, గుర్తింపు కార్డు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో ఒప్పించడం ఇంకో కథ. మా నాన్నది కొబ్బరి వ్యాపారం. "మనింట్లో తుపాకీ ఏంట్రా? ఆడితే సాత్విక్‌లాగా బ్యాడ్మింటన్ ఆడొచ్చుగా" అన్నారు. నిజమే, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక మా వైపు ప్రతి నాన్నా ఇదే మాట అంటున్నారు. నేను హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ గురించి చెప్పాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం ఆయనది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కి వినపడదు. అతను 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఇదే ఈవెంట్‌లో బంగారం కొట్టాడు. నాన్న కాసేపు ఆలోచించి, "సరే, నీ డబ్బుతో కొనుక్కో. పిట్టల మీదకి ఎత్తావంటే మాత్రం కాలవలో పారేస్తాను" అన్నారు. ఆయ్, ఆ కండిషన్ న్యాయమైనదేనండి.

విదేశీ పోటీ రైఫిల్ కొత్తది కొనాలంటే లక్ష దాటిపోతుంది. అందుకే షూటింగ్ మానేసిన ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నాను. పెట్టెలో ఏమేం ఉన్నాయంటే: బ్యారెల్, ట్రిగ్గర్ ఉన్న అసలు భాగం, స్టాక్, దవడ ఆనించే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్, గాలి సిలిండర్, వెనక చిన్న కన్నంలోంచి చూసే డయాప్టర్ సైట్, ముందు రింగ్ సైట్. టెలిస్కోప్ ఉండదు, పోటీల్లో ఒప్పుకోరు. మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. అల్లెన్ కీలు పట్టుకుని, వీడియోలు చూసి రెండు గంటల్లో బిగించేశాను. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. రైఫిల్ రెడీ అయిపోయిందనే అనుకున్నాను.

కోనసీమలో నాకు దగ్గర్లో రేంజ్ దొరకలేదు. రాత్రి బస్సెక్కి రావులపాలెం మీదుగా హైదరాబాద్ వెళ్లాను. పెట్టె చూసి కండక్టర్ గారు "గిటారా బాబూ?" అని అడిగారు. బిల్లు చూపించి ఉన్నమాట చెప్పాను.

రేంజ్‌లో కోచ్ మేడం రైఫిల్ కంటే ముందు సిలిండర్ చేతిలోకి తీసుకున్నారు. తిప్పి దానిమీద ఉన్న తేదీ చూపించారు. "బాబూ, దీని గడువు రెండేళ్ల కిందటే అయిపోయింది." ఈ సిలిండర్లలో గాలి 200 బార్ దాకా నింపుతారు. వాతావరణ పీడనానికి ఇది దాదాపు 200 రెట్లు. గురిపెట్టేటప్పుడు అది మన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. చాలా కంపెనీలు దీనికి 10 ఏళ్ల గడువు ఇస్తాయి. నేను బేరమాడాను, గీతలు చూశాను, రంగు చూశాను. తేదీ మాత్రం చూడలేదు. ఆ సిలిండర్‌ని అక్కడ నింపలేదు. అదే మోడల్‌ది ఒకటి ఆ పూటకి అరువిచ్చారు. ఇంటికొచ్చాక ఈ మాట నాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

రెండో తప్పు లైన్ మీద చేశాను. పక్కనెవరో పిలిస్తే రైఫిల్ చేతిలో ఉండగానే తిరగబోయాను. మేడం గట్టిగా అరిచారు. ఖాళీగా ఉన్నా సరే బ్యారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చనప్పుడు బ్యారెల్లో సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. వేలు చివరి క్షణందాకా ట్రిగ్గర్ మీదకి వెళ్లకూడదు. ఈ మూడూ వచ్చాకే మిగతావన్నీ.

ఇక షాట్లు. టార్గెట్‌లో నల్లటి గుండ్రం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు. మధ్యలో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. నా మొదటి పది షాట్లు కుడివైపు కింద చెల్లాచెదురుగా పడ్డాయి. మొత్తం 71. వెంటనే సైట్ తిప్పాను. ఈసారి ఎడమకి పోయాయి. మళ్లీ తిప్పాను. రైఫిల్లోనే లోపం ఉందని, మోసపోయానని అనిపించింది. గొంతు పట్టేసింది.

మేడం అన్నారు: "సైట్ ముట్టుకోకు. ఈ రైఫిల్ ఇంకా ఆరడుగుల మనిషిదే, నీది కాలేదు." నిజమే. పాత ఓనర్ చాలా పొడుగు. ఆయన కొలతలన్నీ అలాగే ఉన్నాయి. నేను మెడ సాగదీసి కన్ను అందిస్తున్నాను, అందుకే ప్రతి షాట్‌కీ కన్ను ఒక్కో చోట ఉంటోంది. లెక్క చూడండి: రెండు సైట్ల మధ్య దూరం 75 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ వరసలో 1 మిల్లీమీటర్ తేడా 10 మీటర్ల దగ్గర 13 మిల్లీమీటర్లవుతుంది. రింగుకీ రింగుకీ మధ్య 2.5 మిల్లీమీటర్లే కాబట్టి అయిదు రింగులు పోయినట్టే.

మేడం చేయించిన వరస ఇది, రాసుకోండి.

ఒకటి, బట్ ప్లేట్. మెడ సాగకుండా, ముడుచుకోకుండా భుజంలో కూర్చునేలా పొడవు, ఎత్తు సరిచేయాలి.

రెండు, చీక్ పీస్. కళ్లు మూసుకుని దవడ ఆనించి తెరిస్తే, కన్ను సరిగ్గా డయాప్టర్ మధ్యలో ఉండాలి. వెతుక్కుంటున్నామంటే ఎత్తు మార్చాలి.

మూడు, పాదాలు. గురిపెట్టి కళ్లు మూసుకుని ఊపిరి వదిలి మళ్లీ చూడండి. రైఫిల్ పక్కకి పోయి ఉంటే చేతులతో లాగొద్దు, పాదాలు జరపండి.

నాలుగు, సైట్. షాట్లన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాకే ముట్టుకోవాలి. షాట్ ఎటు రావాలో వెనక సైట్ అటు జరగాలి.

గంటన్నర పట్టింది. తర్వాత పది షాట్లు: 84. గొప్ప స్కోరేం కాదు. ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9, అరవై షాట్లకి 654. అంతర్జాతీయ స్థాయిలో ఫైనల్ చేరాలంటే 630 దరిదాపుల్లో కొట్టాలి. కానీ నా పెల్లెట్లు మొదటిసారి ఒకే గుంపుగా పడ్డాయి. ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఇంట్లో రోజూ పెల్లెట్ లేకుండా, రైఫిల్ మాన్యువల్లో చెప్పిన డ్రై ఫైర్ పద్ధతిలో సాధన చేస్తున్నాను. 5 మీటర్ల దూరంలో గోడమీద 15 మిల్లీమీటర్ల నల్లచుక్క పెట్టుకుంటే, 10 మీటర్ల దగ్గర టార్గెట్ కనిపించినంతే కనిపిస్తుంది. కొత్త సిలిండర్‌కి డబ్బు కూడబెడుతున్నాను. నాన్న సగం ఇస్తానన్నారు, ఆ పాత సిలిండర్ తన కళ్లముందే పనికిరాకుండా చేయించాలనే షరతు మీద.

సెకండ్ హ్యాండ్ రైఫిల్ ఎవరైనా కొని ఉంటే, ఈ వీడియో ఆపేసి ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో పెల్లెట్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.