బొమ్మ ఎక్కడికీ పోలేదు!

పాత పెళ్లి సీడీ కంప్యూటర్లో పెడితే నల్లటి తెర. హ్యాండీక్యామ్ కార్డు పెడితే 'ఈ ఫైలు తెరవలేం' అన్న సందేశం. 'ఇక అంతే' అనుకుని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. కాస్త ఆగండి. చాలాసార్లు ఆ పెళ్లి, ఆ మనుషులు, ఆ మాటలు అన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి.

త్రిపురాంతకం కావచ్చు, మార్కాపురం కావచ్చు, గిద్దలూరు కావచ్చు. పాతికేళ్ల కిందట పెళ్లయిన జంట ఇంట్లో బీరువా తెరిస్తే పట్టుచీరల కింద బరువైన ఆల్బమ్ ఒకటి, దాని పక్కనే రెండు మూడు సీడీలో ఓ క్యాసెట్టో కనిపిస్తాయి. అప్పట్లో అదొక సంబరం. ఫొటో స్టూడియో వాళ్లు మిక్సింగ్ చేసి, సినిమా పాటలు కలిపి, పూలు రాలుతున్నట్టు, గుండె ఆకారంలో వధూవరులు తిరుగుతున్నట్టు తయారుచేసి ఇచ్చేవారు. చుట్టాలంతా టీవీ ముందు చేరి చూసేవారు.

తర్వాత సీడీ ప్లేయర్ మూలపడింది. క్యాసెట్ ప్లేయర్ పాతసామాన్ల వాడికి వెళ్లిపోయింది. ఇన్నాళ్లకు పెళ్లిరోజు నాడు పిల్లలు సరదాపడి ఆ డిస్కును కంప్యూటర్లో పెట్టారు. తెర మీద ఏమీ రాలేదు. 'ఏందిరా, పోయిందా?' అని నాయనమ్మ అడిగితే ఏం చెప్పాలి? ఆ వీడియోలో అక్షింతలు వేస్తున్న తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన నడక, ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్కచోటే!

మూడూ ఒకే వరుసలోకి రావాలి

శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం. మూడు పురాలు ఒకే వరుసలోకి వచ్చిన క్షణాన శివుడు ఒకే బాణంతో వాటిని కూల్చాడన్నది పురాణగాథ. వీడియో ఫైలు సంగతీ దాదాపు అలాంటిదే. అందులోనూ మూడుంటాయి. ఒకటి, అన్నింటినీ కలిపి ఉంచే పెట్టె. రెండు, బొమ్మ. మూడు, మాట. పెట్టె తెరవడం, బొమ్మను విప్పడం, శబ్దాన్ని విప్పడం... ఈ మూడూ కంప్యూటర్‌కు తెలిస్తేనే వీడియో నడుస్తుంది. ఒక్కటి తెలియకపోయినా తంటానే.

ఇంతకీ విప్పడమెందుకు? కెమెరా బొమ్మను ఉన్నదున్నట్టు దాచుకోదు. చోటు చాలదు కాబట్టి బాగా కుదించి దాస్తుంది. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. ఏ కోడెక్‌తో మూట కట్టారో, దాంతోనే విప్పాలి. కంపెనీకో తీరు, కాలానికో తీరు. విండోస్ ఎక్స్‌పీలో డీవీడీ బొమ్మను విప్పే కోడెక్ సొంతంగా లేదు. విండోస్ 7 ఎడిషన్లలో చాలావాటిలో ఆ సదుపాయం ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మళ్లీ తీసేశారు. అందుకే పాత కంప్యూటర్లో ఆడిన డీవీడీ కొత్తదాంట్లో ఆడకపోవచ్చు. తప్పు డిస్కుది కాదు!

ముందు నకలు తీయండి

వీడియో ఆడలేదనగానే చాలామంది ఫైలు పేరు మార్చేస్తారు. లేదంటే ఇంటర్నెట్లో 'కోడెక్ ప్యాక్' అని కనిపించినదల్లా దింపుకుంటారు. ఇంకొందరు కార్డును ఫార్మాట్ చేసేస్తారు. ఇవేవీ వద్దు. కోడెక్ పేరు పెట్టుకుని వైరస్‌లూ తిరుగుతుంటాయి.

మొదట డిస్కులో, కార్డులో ఉన్నదంతా కంప్యూటర్లోకి నకలు తీసుకోండి. ఒక్కో ఫైలు ఏరుకోవద్దు. ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే తేవాలి. ఇకపై ఏ ప్రయోగం చేసినా ఆ నకలు మీదే. అసలు జోలికి పోవద్దు.

తర్వాత ఫైలు సైజు చూడండి. సున్నా అని ఉంటే అందులో ఏమీ లేనట్టే. వందల ఎంబీలు ఉంటే మాత్రం సరుకు లోపల ఉండే అవకాశాలే ఎక్కువ.

ఇప్పుడు వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరవండి. నారింజ రంగు ట్రాఫిక్ కోన్ గుర్తు ఉంటుందే, అదే. 1996లో పారిస్ దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని ఇది. 2001 నుంచి అందరికీ ఉచితంగా అందుతోంది. రకరకాల కోడెక్‌లు అందులోనే ఉంటాయి కాబట్టి విడిగా ఏమీ వేయక్కర్లేదు. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దింపుకోండి. సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే మీడియాఇన్ఫో అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ ఫైలులో బొమ్మ ఏ కోడెక్‌లో ఉందో, శబ్దం ఏ కోడెక్‌లో ఉందో చెప్పేస్తుంది. రోగం తెలిస్తే మందు తేలికే కదా!

మీ దగ్గరున్నది ఏ రకం?

పెళ్లి సీడీ: తెరిస్తే లోపల 'ఎంపెగ్‌ఏవీ' అనే ఫోల్డర్, అందులో 'డాట్ డీఏటీ' ఫైళ్లు కనిపిస్తాయి. అవే మీ పెళ్లి. వీఎల్‌సీలో నేరుగా ఆడతాయి. మధ్యలో ఆగిపోతుంటే డిస్కును మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవొద్దు. ఒక డ్రైవులో చదవని డిస్కు మరో డ్రైవులో చదవడం మామూలే.

డీవీడీ: 'వీడియో టీఎస్' ఫోల్డర్‌లో 'డాట్ వీఓబీ' ఫైళ్లుంటాయి. పెళ్లంతా ఒక్కోటి ఒక జీబీకి మించని ముక్కలుగా ఉంటుంది. ఒక్క ముక్కను తెరిచి 'తాళి కట్టే ఘట్టం లేదేంటి?' అని కంగారుపడొద్దు. వీఎల్‌సీలో ఫోల్డర్ మొత్తాన్ని తెరవండి. వరుసగా వస్తుంది.

కెమెరాలో పెట్టే చిన్న డీవీడీ: అరచేతిలో పట్టేంత డిస్కు. రికార్డింగ్ అయ్యాక కెమెరాలోనే 'ఫైనలైజ్' చేయాలి. చేయకపోతే కంప్యూటర్‌కు అది ఖాళీ డిస్కులా కనిపించొచ్చు. ఖాళీ అనుకుని పారేసేముందు అదే కెమెరాలో పెట్టి ఫైనలైజ్ చేసి చూడండి. మరో మాట... ట్రే లేకుండా సందులోంచి డిస్కును లాక్కునే డ్రైవుల్లో ఈ చిన్న డిస్కును పెట్టొద్దు. లోపలే ఇరుక్కుంటుంది.

హార్డ్‌డిస్క్ కెమెరా: జేవీసీ ఎవరియో లాంటి కెమెరాల్లో 'డాట్ ఎంఓడీ' ఫైళ్లు వస్తాయి. పేరు కొత్తదే కానీ లోపలున్నది డీవీడీల్లో వాడే ఎంపెగ్-2 బొమ్మే. నకలు ఫైలుకు చివర 'ఎంపీజీ' అని పేరు మారిస్తే చాలా ప్లేయర్లలో ఆడుతుంది. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే భయపడొద్దు. వీఎల్‌సీలో తెర కొలతను 16:9కి మార్చండి.

మెమరీ కార్డు కెమెరా: సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి తెచ్చాయి. దీని ఫైళ్ల చివర 'ఎంటీఎస్' అని ఉంటుంది. పొడుగాటి రికార్డింగును కెమెరా తనంతట తానే ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలను అతుకు కనపడకుండా కలపడానికి కావాల్సిన వివరాలు పక్క ఫోల్డర్లలో ఉంటాయి. ఫోల్డర్లు మొత్తం తెచ్చుకోమన్నది ఇందుకే.

లక్షణాన్ని బట్టి మందు

మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు: బొమ్మ కోడెక్ లేదన్నమాట. వీఎల్‌సీతో చూడండి. ఈ తరం ఫోన్లతో తీసిన వీడియోలకూ ఇదే చిక్కు. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో దాస్తున్నాయి. పాత కంప్యూటర్లకు అది తెలియదు.

బొమ్మ వస్తోంది, మాట లేదు: చాలా కెమెరాలు శబ్దాన్ని డాల్బీ పద్ధతిలో దాస్తాయి. కొన్ని ప్లేయర్లకు అది రాదు. ప్లేయర్ మార్చండి.

ఆగి ఆగి నడుస్తోంది: కార్డు నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా చూస్తున్నారేమో! కంప్యూటర్ హార్డ్‌డిస్కులోకి నకలు తీసి చూడండి. అప్పటికీ ఆగుతుంటే కంప్యూటర్‌కు ఓపిక చాలట్లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చుకుంటే ఫోన్లోనూ టీవీలోనూ ఆడుతుంది. మార్చినప్పుడు బొమ్మ నాణ్యత కొంత తగ్గుతుంది. కాబట్టి అసలు ఫైలును మాత్రం దాచండి.

కదిలినప్పుడు దువ్వెన పళ్లలా అడ్డగీతలు: ఇది పాడవడం కాదు. పాత టీవీల కోసం బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి తీసేవారు. వీఎల్‌సీ వీడియో మెనూలో 'డీఇంటర్లేస్' నొక్కితే సర్దుకుంటుంది.

సైజు ఉంది, అసలు తెరుచుకోదు: రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయిందేమో గుర్తు తెచ్చుకోండి. ఎంపీ4 ఫైలులో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టికను కెమెరా సాధారణంగా చివర్లో రాస్తుంది. అది రాయకముందే కరెంటు పోతే, పుస్తకం ఉండి విషయసూచిక లేనట్టే. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి ఫైలును నమూనాగా పెట్టుకుని ఆ పట్టికను మళ్లీ అల్లే సాఫ్ట్‌వేర్లున్నాయి. 'అన్‌ట్రంక్' అలాంటిదే. ఇది మాత్రం కంప్యూటర్ బాగా తెలిసినవాళ్ల చేత చేయించండి.

పలక మీద రాత కాదు

మార్కాపురం పలకలతో అక్షరాలు దిద్దిన ప్రాంతం ఇది. పలక మీద రాసింది తుడిస్తే మాయమైపోతుంది. కార్డు మీద చెరిపేసింది చాలాసార్లు వెంటనే పోదు. కెమెరాలో 'డిలీట్' నొక్కితే ముందుగా పోయేది పట్టికలోని పేరే. అసలు బొమ్మ, దాని మీద కొత్తది రికార్డయ్యే దాకా అక్కడే ఉండొచ్చు. కాబట్టి పొరపాటున చెరిపేస్తే ఆ కార్డును వెంటనే కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. ఒక్క ఫొటో కూడా తీయొద్దు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించండి. దొరికినవాటిని మళ్లీ ఆ కార్డులోకే కాకుండా కంప్యూటర్లోకి దింపుకోవాలి.

అన్నిటికన్నా తొందర టేపులకే!

ఫైలు ఇవాళ ఆడకపోయినా రేపు ఆడించొచ్చు. టేపు సంగతి అలా కాదు. చదివే యంత్రాలే కరవైపోతున్నాయి. వీహెచ్‌ఎస్ ప్లేయర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆ పని మానేసింది. చాలా మినీడీవీ కెమెరాల్లో టేపులోని వీడియో కంప్యూటర్లోకి రావాలంటే ఫైర్‌వైర్ తీగ కావాలి. యూఎస్‌బీ తీగతో ప్రయత్నించి 'ఏమీ రావట్లేదు' అనుకుంటారు చాలామంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ పోర్టు ఉండదు. పాత కంప్యూటర్ ఉంచుకున్న స్టూడియో ఎక్కడుందో వెతకాలి. గంట టేపు ఎక్కించడానికి గంట పడుతుంది. అది 13 జీబీల దాకా చోటు తీసుకుంటుంది.

పైగా అటక మీది ఎండవేడి టేపుకు పడదు. తేమ తగిలితే బూజు పడుతుంది. బూజు కనిపించిన క్యాసెట్‌ను ప్లేయర్లో పెట్టొద్దు. టేపు తెగొచ్చు, బూజు ప్లేయర్‌కూ అంటుకుంటుంది.

ఇది ఒక్క ఇంటి ముచ్చటే కాదు. వెలిగొండ ప్రాజెక్టు కోసం సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులకు ఆనకట్టలు కట్టారు. ఆ జలాశయం ముంపు పరిధిలో ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల నుంచి వెళ్లిపోయిన కుటుంబం దగ్గర అప్పటి పెళ్లి క్యాసెట్ ఒకటి ఉంటే... అందులో కనిపించేది పెళ్లికొడుకూ పెళ్లికూతురే కాదు. వెనకాల వీధి, వేపచెట్టు, రచ్చబండ, ఊరేగింపులో నడిచిన ఊరంతా ఉంటుంది. రేపు ఆ ఊరు ఎలా ఉండేదో మనవళ్లకు చూపించాలంటే ఆ గంట టేపే ఆధారం కావచ్చు.

కాబట్టి ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకోండి. బీరువాలో, అటక మీద ఏమున్నాయో కిందికి దించండి. ఆడేవి ఆడించి, ఆడనివి విడిగా పెట్టండి. నకలు తీసినవాటిని కనీసం రెండు చోట్ల దాచండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉండే అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఎవరింట్లోనైనా. ఫైలు పేరుగా ఎవరి పెళ్లో, ఏ ఊరో, ఏ సంవత్సరమో రాయండి.

వీడియో ఆడటం మొదలయ్యాక నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకోవడం మరిచిపోవద్దు. పందిట్లో ఆ మూల నిలబడ్డ పెద్దాయన ఎవరో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. ఆమె చెబుతుంటే ఆ పేర్లు ఓ కాగితం మీద రాసుకోండి.