బో జాక్సన్ తుంటికి ఏమైంది?

1991 జనవరి 13న అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. రైడర్స్ జట్టు ఆటగాడు బో జాక్సన్ బంతిని చంకలో ఇరికించుకుని 34 గజాలు పరుగెత్తాడు. వెనక నుంచి వచ్చిన సిన్సినాటి ఆటగాడు కాలు పట్టి లాగాడు. చూసేవాళ్లకు అదేమంత భయంకరమైన పడటంలా అనిపించలేదు. కానీ ఆ ఒక్క క్షణంతో 28 ఏళ్లకే అతని ఫుట్‌బాల్ జీవితం ముగిసిపోయింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చూసే సాకర్ కాదు. ఇందులో రన్నింగ్ బ్యాక్ అనే ఆటగాడి పని బంతి పట్టుకుని ఎదుటి జట్టును చీల్చుకుంటూ ముందుకు ఉరకడం. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీద ఏడుగురూ పడతారు చూడండి, అలాంటిది మ్యాచ్‌కు ఇరవైసార్లు జరుగుతుందనుకోండి. అందుకే ఆ స్థానంలో ఆడేవాళ్లు ముప్ఫై దాటకుండానే అరిగిపోతారు. జాక్సన్ అలా అరిగిపోయే రకం కాదని అందరూ అనుకున్నారు. అలబామాలో పదిమంది పిల్లల్లో ఎనిమిదోవాడిగా పుట్టాడు. కాలేజీ ఆటగాళ్లకు ఇచ్చే అత్యున్నత బహుమతి హైస్‌మన్ ట్రోఫీ 1985లో గెలిచాడు. ఆ తర్వాత ఎండాకాలం కాన్సాస్ సిటీ రాయల్స్‌కు బేస్‌బాల్, అది అయ్యాక రైడర్స్‌కు ఫుట్‌బాల్ ఆడేవాడు. 1987లో తన 25వ పుట్టినరోజున సియాటిల్ మీద 221 గజాలు పరుగెత్తాడు. అందులో ఒక్క పరుగే 91 గజాలు. రెండు ఆటల్లోనూ ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికైన మొదటివాడు అతనే. రెగ్యులర్ సీజన్‌లలో అతను రైడర్స్‌కు ఆడిన ఫుట్‌బాల్ మాత్రం 38 మ్యాచ్‌లే.

అంత గట్టి మనిషి తుంటి ఎందుకు పాడైంది? తొడ ఎముక పైభాగంలో బంతిలాంటి తల ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో ఇమిడి తిరుగుతుంది. ఈ బంతికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి, ఎముక మెడను అంటుకుని పైకి పాకుతాయి. పక్క దారి దాదాపు లేదు. కీలు గిన్నెలోంచి జారితే ఈ నాళాలు సాగుతాయి, తెగుతాయి. తన కీలు జారిందని, తనే దాన్ని లోపలికి నెట్టుకున్నానని జాక్సన్ తర్వాత చెప్పాడు. లోపలికి వెళ్లినా రక్తం మాత్రం తిరిగి అందలేదు. నీళ్లందని కొమ్మలా ఎముక లోపల్నుంచి చచ్చిపోయింది. దీన్నే అవాస్కులర్ నెక్రోసిస్, క్లుప్తంగా ఏవీఎన్ అంటాం.

ఈ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కొవిడ్ తర్వాత మా ఓపీలో అందరికీ తెలిసిన మాటైపోయింది. మన దగ్గర ఇది ఆటగాళ్ల జబ్బు కాదు. స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో వారాల తరబడి వాడినవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు వస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బున్నవాళ్లకు వస్తుంది. బైకు ప్రమాదాల్లో తుంటి జారినా, తొడ ఎముక మెడ విరిగినా వస్తుంది. కారణం తెలియకుండా వచ్చేవాళ్లూ ఉన్నారు.

స్టెరాయిడ్ల గురించి ఒక మాట సరిగా అర్థం చేసుకోండి. అవి ప్రాణాలు నిలిపే మందులు. డాక్టర్ రాసినవాటిని భయపడి మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే అదే ప్రమాదం. నా అభ్యంతరం వేరే. ఒళ్లునొప్పులకు, ఆయాసానికి, దురదకు చీటీ లేకుండా వేయించుకునే ఇంజెక్షన్లు, పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులు. వేసుకున్న మర్నాడే లేచి తిరుగుతున్నారంటే, అందులో ఏముందో అడిగి తీరాలి. ఎముక నొప్పి మొదలయ్యేది నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక. అప్పటికి ఆ పొట్లం ఎవరికీ గుర్తుండదు.

నొప్పి ఎక్కడొస్తుందనేది కూడా మోసం చేస్తుంది. తుంటి జబ్బైతే తుంటి పక్కన నొప్పి రావాలనుకుంటారు. చాలామందికి గజ్జల్లో వస్తుంది, కొందరికి మోకాలిలో తెలుస్తుంది. మోకాలి ఎక్స్‌రేలు తీయించుకుని, ఏమీ లేదని నూనె రాయించుకుంటూ తిరిగేవాళ్లను చూస్తుంటాను. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, గొంతుక్కూర్చుంటే గజ్జల్లో పట్టేయడం, నడకలో కొద్దిగా కుంటు పడటం చూసుకోవాల్సిన గుర్తులు. మొదటి దశలో తుంటి ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. ఎంఆర్ఐలో తెలుస్తుంది. స్టెరాయిడ్ల వల్ల వచ్చినప్పుడు రెండో తుంటిలో కూడా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి రెండు వైపులా చూడమని అడగండి.

తొందరెందుకంటే, బంతి ఇంకా గుండ్రంగా ఉన్నప్పుడైతే ఎముకలో సన్నని రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించి కీలును నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు. బంతి కుంగిపోయాక ఆ దారి మూసుకుపోతుంది, మిగిలేది కీలు మార్పిడే. ప్రమాదంలో తుంటి జారితే మాత్రం లెక్క గంటల్లోనే. ఆరు గంటల్లోపు సర్దించాలంటాం. ముందు పసరు కట్టు, రేపు ఆసుపత్రి అనుకుంటే కుదరదు.

జాక్సన్ విషయానికొస్తే, 1991 మార్చిలో రాయల్స్ అతన్ని వదిలేసింది. చికాగో వైట్ సాక్స్ తీసుకుంటే, చచ్చిన ఎముకతోనే ఆ ఏడాది 23 మ్యాచ్‌లు ఆడాడు. వైద్యుడిగా నాకిది గొప్పతనంగా కనిపించదు, ఆ కీలు పడిన బాధే కనిపిస్తుంది. 1992లో కృత్రిమ కీలు వేశారు. అదే ఏడాది క్యాన్సర్‌తో తల్లి చనిపోయింది. 1993 ఏప్రిల్‌లో తిరిగి బ్యాట్ పట్టి, ఆ సీజన్‌లో ఆడిన మొదటిసారే హోమ్ రన్ కొట్టాడు. ఆ సీజన్‌లో మొత్తం 16 కొట్టాడు. కృత్రిమ తుంటితో ఆ స్థాయి బేస్‌బాల్ ఆడిన మొదటివాడు అతను. ఫుట్‌బాల్ వైపు మాత్రం మళ్లీ వెళ్లలేదు. 1994తో బేస్‌బాల్ కూడా మానేశాడు.

ఇది చదివి, కీలు మార్చుకుంటే అన్నీ చేసేయొచ్చు అనుకోకండి. మార్చిన కీలు నడకకు, మెట్లకు, ఉద్యోగానికి బాగా పనికొస్తుంది. ఇప్పటి కీళ్లు చాలామందికి 15-20 ఏళ్లు, అంతకుమించి కూడా నిలుస్తున్నాయి. కానీ కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, పరుగులు సర్జన్‌ను అడిగాకే. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో కమోడ్, చేతులున్న ఎత్తైన కుర్చీ సిద్ధం చేసుకోండి. డిశ్చార్జ్ రోజు వాటికోసం పరుగెత్తే కుటుంబాలే ఎక్కువ.